ఆకాశవాణి నుండి నీలిపంటి దాకా: పాత కారులో కొత్త గొంతు

నడుస్తున్న వాహనంలో కనిపించని గొంతు వినిపించడం మన సాహిత్యానికి కొత్త కాదు. భాగవత దశమస్కంధం తెరచి చూడండి. కొత్త దంపతులైన దేవకీ వసుదేవులను రథమెక్కించి, చెల్లెలి మీది ప్రేమతో కంసుడు తానే పగ్గాలు పట్టి అత్తవారింటికి సాగనంపుతుంటాడు. నడిదారిలో ఆకాశవాణి పలుకుతుంది. తీగ లేదు, పెట్టె లేదు, పలికినవారు కనబడరు. అయినా వినవలసినవాడు విన్నాడు. విన్న సారథి పగ్గాలు వదలి కత్తి దూశాడు. వాహనం తోలేవానికి దారిలో వచ్చే కబురు ఎంతపని చేయగలదో చెప్పడానికి ఇంతకంటె పాత ఉదాహరణ నాకు తోచలేదు.

ఆ 'ఆకాశవాణి' అనే మాటనే 1935లో మైసూరులో ఆచార్య ఎం.వి. గోపాలస్వామి తాము నెలకొల్పిన రేడియో కేంద్రానికి పేరుగా వాడారు. 1957లో అది దేశమంతటి రేడియోకు పేరయింది. పురాణంలోని మాట యంత్రానికి ఇంత చక్కగా అతికిన సందర్భాలు తక్కువ. 'వైర్‌లెస్' అనే మాటకు మాత్రం మన పదకర్తలకు అంత సులువుగా దారి దొరకలేదు. తంతువు లేనిది గనుక 'వితంతు' అందామంటే అర్థం ఎక్కడికో పోయి, నిక్షేపంలాంటి ముత్తైదువ యంత్రానికి అమంగళం తగులుతుంది! అందుకే పెద్దలు 'నిస్తంత్రి' అన్నారు. నేనూ ఈ వ్యాసంలో ఆ మాటనే వాడుతాను.

ఇక చరిత్రలోకి వద్దాం. కారులో రేడియో పెట్టాలన్న ఆలోచన కారంత పాతది కాకపోయినా, రేడియోకంటె మరీ చిన్నదేమీ కాదు. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ అనే ఆయన తన కారులో రేడియో బిగించుకొని అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సభకు తోలుకుపోయి, వాకిట నిలిపి అందరికీ వినిపించాడు. 'మోటారు'కు ఒక తోక తగిలించి ఆయన పెట్టిన పేరే మోటొరోలా. ఆ రోజులలో రేడియోలో గాజుబుడ్ల వంటి వాల్వులుండేవి. వాటికి వందలకొద్దీ వోల్టులు కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేది ఆరో పన్నెండో. అందుకని 'వైబ్రేటర్' అనే పరికరం బ్యాటరీ విద్యుత్తును క్షణానికి ఎన్నోసార్లు తెగ్గొట్టి, అతికించి, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పైకెత్తేది. రేడియో పాడకముందే ఆ వైబ్రేటరు గుయ్యిమని మోగేది. పైగా ఇంజనులో ప్లగ్గుల నిప్పురవ్వలు ఒక్కొక్కటీ ఒక చిటపటగా పాటలో కలిసేవి. 1950ల నడుమ ట్రాన్సిస్టర్లు వచ్చి వైబ్రేటర్లకు సెలవిచ్చాయి.

మన దేశపు కారు సంగతి. 1942లో మొదలైన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ గుజరాతులోని ఓఖా రేవు నుండి 1948లో బెంగాలులోని ఉత్తరపారాకు తరలింది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నమూనాతో 1957లో అంబాసిడర్‌ను తెచ్చింది. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అంటూ పేర్లు మారుతూ వచ్చినా, ఆ గుండ్రని వీపూ ఆ పెద్దమనిషి తరహా మారలేదు. 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. 57 ఏళ్ళు! మా గణపవరం వైపు పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళినా, పురిటికి తాడేపల్లిగూడెం పోయినా, ఏలూరు కోర్టులో వాయిదాకు హాజరైనా అంబాసిడరే. ముందు బెంచీ సీటులో డ్రైవరు కాక ఇద్దరు, వెనుక నలుగురు, ఒళ్ళో పిల్లలు. డిక్కీలో బియ్యపు బస్తా. ఈ లెక్క ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు.

అటువంటి కారులో రేడియో ఉన్నదంటే అది సంపన్నుల సంగతి. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. మా డెల్టా అంతా బల్లపరుపు నేల గనుక మీడియం వేవు ప్రసారం చెరువు మీద గాలిలా అడ్డు లేకుండా వచ్చేది. 1952లో కేంద్రమంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమాపాటలకు ఆకాశవాణిలో చోటు లేకుండా చేసేసరికి, శ్రోతలు సింహళం వైపు ముళ్ళు తిప్పారు. రేడియో సిలోనులో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు వినని ఇల్లు ఆ తరంలో అరుదు. 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టాక గాని మన పాట మన ఇంటికి తిరిగిరాలేదు. అప్పట్లో రేడియో ఉంచుకోవడానికి తపాలా కార్యాలయంలో రుసుము కట్టి లైసెన్సు పుస్తకం తీసుకోవాలి. ఈనాటి పిల్లలకు చెబితే కథ అనుకుంటారు.

1963లో ఫిలిప్స్ వారు క్యాసెట్టును ప్రవేశపెట్టారు. మన టాక్సీలలోకి అది విరివిగా వచ్చింది 1980లలో. అక్కడే అంబాసిడర్లకు కీడు మూడింది. రేడియో ఉండవలసిన చోట క్యాసెట్ ప్లేయరు పట్టకపోతే రేకును కోశారు. తలుపులకు స్పీకర్ల కోసం గుండ్రంగా రంధ్రాలు చేశారు. వెనుక అద్దం కింద అట్టను ముక్కలు చేశారు. ఆ తరువాత సీడీ వచ్చింది, మరోసారి కోశారు. ప్రతి కొత్త గొంతుకూ పాత ఒంటి మీద ఒక గాయం.

ఇప్పుడు వచ్చినది బ్లూటూత్. దీని పేరు విన్నప్పుడు నాలోని బడిపంతులు ఊరుకోలేదు. 'నీలిపన్ను' అని దీనికి అర్థం. 10వ శతాబ్దిలో డెన్మార్కును ఏలిన హరాల్డ్ అనే రాజుకు ఆ బిరుదు ఉండేది. ఆయన పాలించిన రోజులకు మా ఏలూరు పక్కనున్న వేంగి పేరు మీద తూర్పు చాళుక్యులు ఏలుబడి చేస్తున్నారు. నన్నయగారు పుట్టడానికి ఇంకా కొంతకాలం ఉంది. విడివిడిగా ఉన్న తెగలను ఒక్కటి చేసిన రాజు గనుక, విడివిడి యంత్రాలను కలిపే ఈ విద్యకు ఆయన పేరు తగునని ఇంటెల్ సంస్థకు చెందిన జిమ్ కార్డాక్ 1997లో సూచించాడు. తాత్కాలికంగా పెట్టిన ముద్దుపేరు శాశ్వతనామమై కూర్చుంది. అసలు పరిశోధన 1994 నుండి స్వీడను దేశపు ఎరిక్సన్ సంస్థలో జరిగింది. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబాలు ఒక కూటమిగా ఏర్పడ్డాయి. ఫోనులో మీరు చూసే ఆ గుర్తు, హరాల్డ్ పేరులోని పొడి అక్షరాలు రెంటిని ప్రాచీన రూన్ లిపిలో కలిపి రాసినది. అంటే మన భాషలో చెప్పాలంటే ఒక సంయుక్తాక్షరం!

ఇది పనిచేసే తీరు అవధాన ప్రియులకు సులభంగా బోధపడుతుంది. 2400 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని ఇరుకు వీధిలో వైఫై మొదలు వంటింటి మైక్రోవేవ్ దాకా అందరూ గోలచేస్తుంటారు. బ్లూటూత్ ఆ వీధిని 79 గదులుగా పంచుకొని, సెకనుకు 1600 సార్లు ఒక గదిలోంచి మరొక గదిలోకి గెంతుతూ మాట్లాడుతుంది. ఏ గది తరువాత ఏ గదో ఫోనుకూ పెట్టెకూ మాత్రమే తెలుసు. అవధాని ఒక పృచ్ఛకుని నుండి మరొకరి వద్దకు పోతూ, మధ్యలో గంట కొట్టినవానిని లెక్కపెడుతూ, ధారణ తప్పనట్లే పాట తెగదు. ఇలా గెంతే ఊహకు పేటెంటు పొందినవారిలో ఒకరు సినిమా నటి హెడీ లమార్. సంగీతకర్త జార్జ్ ఆంథైల్‌తో కలిసి, పియానోలోని 88 మెట్ల సంఖ్యనే తీసుకొని ఆమె చేసిన ఆ పద్ధతికి 1942లో హక్కుపత్రం లభించింది. టార్పెడోలకై తలచినది అది.

ఈ చరిత్ర అంతా నేను తవ్వడానికి కారణం మా మేనల్లుడు. మా బావగారు కాలం చేసి ఆరేళ్ళయింది. ఆయన కొనుక్కున్న 1967 నాటి అంబాసిడర్ మార్క్ 2 ఇంటి చావడిలో ఉంది. బావగారికి పద్యనాటకాలంటే ప్రాణం. ఊళ్ళో రాయబారం ఘట్టం వేస్తే తెల్లవార్లూ ముందు వరుసలో ఆయనే. తాను పాడిన పద్యాలను ఒక క్యాసెట్టులో దాచుకున్నారు. దానిని మేనల్లుడు ఫోనులోకి ఎక్కించుకున్నాడు.

"మామయ్యా, నాన్న గొంతు నాన్న కారులో వినాలని ఉంది. అంతకంటె ఏమీ లేదు" అన్నాడు.

చూసిన మెకానిక్ ఒకే మాట చెప్పాడు: పాత రేడియో పీకేద్దాం, డ్యాష్‌బోర్డు కాస్త కోసి తెర ఉన్న కొత్త సెట్టు పెడదాం, నాలుగు తలుపులకూ స్పీకర్లు. గంటలో పని. వాడు వద్దనలేక, ఔననలేక నా దగ్గరికి వచ్చాడు. తండ్రి గొంతు కోసం తండ్రి కారునే కోయడమా అన్నది వాడి సంకటం.

కోతను పక్కన పెట్టినా మరొక చిక్కు ఉంది. ఆనాటి బ్రిటిషు కార్లలో అధికభాగం బ్యాటరీ ధనధ్రువాన్ని బండి ఒంటికి కలిపేవారు. ఈనాటి సెట్లన్నీ ఋణధ్రువం ఒంటికి ఉంటుందని నమ్మి తయారయినవి. వాటి లోహపు పెట్టె ఋణధ్రువానికి అంటుకొని ఉంటుంది. అలాంటి సెట్టును ధనధ్రువపు బండి రేకుకు బిగిస్తే ఫ్యూజు పోవడమో, తీగలు కాలడమో ఖాయం. మేనల్లుడి బండిలోనూ బ్యాటరీ ధనధ్రువపు తీగ రేకుకే వెళ్తున్నది. దీనికి తోడు ఆ కాలపు డైనమో, ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు దీపాలకే చాలీచాలకుండా ఇస్తుంది. దాని నెత్తిన పెద్ద ఆంప్లిఫయరు పెట్టడం ముసలి ఎద్దుకు రెండు బళ్ళు కట్టినట్లు.

మార్గాలు లేకపోలేదు. ఎఫ్ఎం ఉన్న రేడియో అయితే చిన్న ప్రసారిణి చాలు. మీడియం వేవు మాత్రమే ఉన్న సెట్టుకు అది పనికిరాదు. క్యాసెట్ ప్లేయరు ఉంటే క్యాసెట్టు ఆకారంలోనే ఉండే బ్లూటూత్ పరికరం దొరుకుతుంది. టేపుకు బదులు అదే అయస్కాంత సంకేతాన్ని అందిస్తుంది. పాత రేడియో బాగా పాడుతుంటే, నేర్పరి అయిన రేడియో మెకానిక్ దాని వాల్యూం కంట్రోలు వద్ద చిన్న గ్రాహకాన్ని లోలోపల కలపగలడు. పైకి ఏమీ తెలియదు. మా వాడి రేడియో ఎప్పుడో మూగవోయింది. కనుక మేము నాలుగవ దారి పట్టాము. ఒక టేకు పెట్టెలో గ్రాహకం, చిన్న ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు, వాటికి సొంత బ్యాటరీ అమర్చించాము. అది వెనుక సీటు మీద కూర్చుంటుంది. బండి తీగతో సంబంధం లేదు గనుక ధనఋణాల తగవు లేదు. ఇంట్లో చార్జి చేసుకోవడం, ఎక్కేటప్పుడు పెట్టుకోవడం. ఒక్క మేకు దిగలేదు. మూగ రేడియో తన సింహాసనం మీద తానుంది.

దీనికి శాస్త్రం కూడా అనుకూలమే. 2021లో కేంద్రప్రభుత్వం మోటారు వాహన నియమాలు సవరించి, 50 ఏళ్ళు దాటి, మౌలిక రూపంలో ఉన్న బళ్ళకు 'వింటేజ్' నమోదు కల్పించింది. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. అలా నమోదైన బండిని నిత్యవ్యవహారానికి తిప్పరాదు; ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చు. డ్యాష్‌బోర్డులో ఒక రంధ్రం వల్ల ఆ అర్హత పోతుందని నేననను. కాని మౌలికత అన్నది ముక్కముక్కగానే పోతుంది.

మేనల్లుడికి నేను పెట్టిన షరతు ఒక్కటే. బండి కదలకముందే పద్యం పెట్టుకోవాలి. నడిచేటప్పుడు ఫోను ముట్టరాదు. మా దారులలో అనేకం కాలువగట్లు. ఒక పక్క నీళ్ళు, రెండో పక్క చేపల చెరువు. అంబాసిడర్‌కు పవర్ స్టీరింగు లేదు, ఆపాలంటే ముందుగా తలచుకోవాలి. కంసుడికి కనీసం రథం కాలువలో పడలేదు.

పాతదానికి కొత్తది చేర్చడం తప్పని వాదించే ఛాందసుణ్ణి కాను. మన భారతమే అందుకు సాక్ష్యం. నన్నయగారు అరణ్యపర్వం నడుమ ఆపితే, తిక్కనగారు విరాటపర్వం నుండి అందుకున్నారు. మిగిలిన ఖాళీని రెండు శతాబ్దాలకు పైగా గడిచాక ఎఱ్ఱన పూరించాడు. తన పేరు చాటుకోక, రాజరాజ నరేంద్రునికే అంకితమిస్తూ, నన్నయ పోకడతో ఎత్తుకొని మెల్లగా తిక్కన పోకడకు చేర్చాడు. నన్నయ రాసినదాంట్లో ఒక్క అక్షరం తుడవలేదు. అదే సమయంలో ఎందరో లేఖకులు మన కావ్యాలలో తమ పద్యాలను ఇరికించి, అసలైనవి ఏవో తెలియకుండా చేశారు. వాటిని ప్రక్షిప్తాలన్నాము. వాటిని ఏరడానికి పరిష్కర్తల జీవితాలు చాలలేదు. చేర్చినవాడు తన చేర్పును మళ్ళీ తీసివేయడానికి వీలుగా ఉంచాడా అన్నదే పూరణానికీ ప్రక్షిప్తానికీ నాకు తెలిసిన తేడా.

టేకు పెట్టెను దింపితే ఆ బండి మళ్ళీ 1967 నాటిది. మా వాడి పిల్లలు పెద్దయ్యే నాటికి బ్లూటూత్ కూడా వైబ్రేటరులా పాతబడుతుంది. అప్పటివారు ఏ గొంతు తెచ్చుకుంటారో తెచ్చుకోనీయండి; రేకు మాత్రం నిండుగా ఉంటుంది. మీ చావళ్ళలో, గోనెపట్టాల కింద ఇటువంటి పెద్దమనుషులు ఎవరైనా నిద్రపోతుంటే, కత్తెర తీసేముందు ఒకసారి ఎఱ్ఱనను తలచుకోండి.