సీ, పైథాన్ ఒకేసారి మొదలుపెట్టాలా? 1964 నుంచి చూద్దాం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో చేరినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు. కాలేజీలో సీ చెబుతున్నారు, బయట అందరూ పైథాన్ అంటున్నారు, రెండూ ఒకేసారి మొదలుపెట్టాలా అని. మేమూ అలాగే మొదలుపెట్టాం. మాలో ఇద్దరికి సబ్జెక్టు పోయింది. "ఇది మనవల్ల కాదులే" అని కోడింగే వదిలేశారు. తప్పు వాళ్లది కాదని ఈ చరిత్ర చదివాకే మాకు అర్థమైంది.

అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ. జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అని ఇద్దరు లెక్కల మాస్టార్లు. సైన్సు చదవని పిల్లలు కూడా కంప్యూటర్ వాడాలని వాళ్ల పట్టుదల. అప్పటికే 1957 నుంచి ఫోర్ట్రాన్ ఉంది. కానీ అందులో ఒక పని మళ్లీ మళ్లీ చేయించాలంటే 'డూ 100 ఐ = 1, 10, 2' అని రాయాలి. ఏ అంకె మొదలు, ఏది చివర, ఎంతెంత గెంతాలి? కొత్తవాడికి గుర్తుండదు. అందుకే తమ బేసిక్ భాషలో 'ఫర్ ఐ = 1 టు 10 స్టెప్ 2' అని పెట్టారు. 1964 మే 1 తెల్లవారుజామున నాలుగింటికి అది మొదటిసారి నడిచింది. రెండు మూడు క్లాసులు విన్న పిల్లలు సొంతంగా ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టారు. వాళ్లని ఆపింది తెలివి కాదు, రాత.

ఇప్పుడు మన రెండు భాషలు చూడండి. సీ 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రాయడానికి పుట్టింది, పిల్లలకి నేర్పడానికి కాదు. పైథాన్ 1991లో బయటికొచ్చింది. దాన్ని చేసిన గీడో వాన్ రోసమ్ అంతకుముందు ఏబీసీ అనే, కొత్తవాళ్ల కోసం చేసిన భాష మీద పనిచేశాడు. పుట్టిన ఇళ్లు వేరు, చూపులకి మాత్రం అక్కచెల్లెళ్లు. చిక్కంతా అక్కడే. సీలో 7/2 అంటే 3. ఇప్పటి పైథాన్‌లో 3.5. పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి చూసినవాడికి తప్పు తనదో, భాషదో తెలియదు.

"ఇంట్లో సవర, బడిలో తెలుగు, రెండూ నేర్చుకోలేదా?" అంటారు. నేర్చుకున్నాం. కానీ సవర మనకి అమ్మ, తాత, సంత అంతా కలిసి రోజంతా నేర్పారు. ల్యాబ్‌లో మాకు దక్కింది వారానికి మూడు గంటలు, అదీ ఒక సిస్టమ్‌కి ఇద్దరం.

ఎస్‌క్యూఎల్ సంగతి వేరు. ఏం కావాలో అడగడమే దాని పని, సీతో కలగాపులగం కాదు, పక్కన పెట్టుకోవచ్చు.

పరీక్ష సీలో ఉంటే ముందు సీనే పట్టుకోండి. పది మంది మార్కులు తీసుకుని సగటు చెప్పే ప్రోగ్రాం చూడకుండా రాసేదాకా పైథాన్ తెరవొద్దు. మాలో మిగిలినవాళ్లం అలాగే చేశాం. రెండో భాషకి ఒక్క వేసవి సెలవులు సరిపోయాయి.