కడలి దాటి వచ్చిన పాట

పెద్దయిన పిమ్మట నేనేమగుదునని బిడ్డ తల్లినడుగుట ఏ దేశమునందైనను ఉన్నదే. నేటి హైదరాబాదులో, మాదాపురము మొదలు గచ్చిబౌలి వరకు లేచిన అద్దాల మేడల నీడను పెరుగు బిడ్డలకు ఈ ప్రశ్న అడుగు తీరికయే చిక్కదేమో. వారు నోరు విప్పకమునుపే తలిదండ్రులు జవాబును సిద్ధపరచి యుంతురు. అయినను ఆ ప్రశ్న మీదనే కట్టిన అమెరికా పాట యొకటి 1956లో వెలువడి, తొమ్మిదేండ్లకు మన భానుమతిగారి గొంతున తెలుగు చిత్రములో వినవచ్చినది. దాని పేరు "కే సెరా సెరా". మన పెద్దల మాటలో చెప్పవలెనన్న, కానున్నది కాకమానదు.

పాటను కట్టినవారు జే లివింగ్‌స్టన్, రే ఎవాన్స్ అను జంట. 1954లో వచ్చిన "ది బేర్‌ఫుట్ కాంటెస్సా" చిత్రములో ఒక ఇటలీ ప్రభువు ఇంటి రాతిపై చెక్కియున్న వంశవాక్యము లివింగ్‌స్టన్ కంటబడెను. ఎన్నడైన పనికివచ్చునని వ్రాసియుంచుకొనెను. పిదప ఆ ఇటలీ మాటకు స్పానిష్ వేషము వేసిరి. అది స్పానిష్ వ్యాకరణమునకు నిలువదని ఆ భాష తెలిసినవారందురు. పాటకు కావలసినది నోట నిలుచుట. ఆ గుణము దీనికి పుష్కలముగా కలదు. నడక మూడేసి లెక్కలది, మన తిశ్రగతికి చుట్టము. ఊయలకు తగిన నడక.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తాను 1934లో ఇంగ్లండున తీసిన "ది మాన్ హూ న్యూ టూ మచ్" అను చిత్రమును 1956లో అమెరికాలో మరల తీసెను. ఈ పాట దానికొరకు పుట్టినది. కథానాయిక కచేరీలు మాని సంసారమున స్థిరపడిన గాయని. మొరాకోలో బసచేసిన రాత్రి ఆమె తన కుమారునితో ఈ పాట పాడుకొనును. తరువాత ఆ పిల్లవానిని దుండగులు ఎత్తుకొని పోవుదురు. తుదకు లండనులో ఒక విదేశ రాయబారి భవనమున వాడు బందీగా ఉన్నాడని తెలిసి, తల్లి అచ్చటి విందుకు పోయి, పియానో ముందు కూర్చుండి అదే పాట ఎత్తుకొనును. మర్యాదస్థుల సభకు తగినంతకంటె బిగ్గరగా పాడును. అతిథులు విస్తుపోవుదురు. ఆ గొంతు మెట్లెక్కి, నడవలు దాటి, మూసిన తలుపు వెనుకనున్న బిడ్డ చెవిని పడును. వాడు ఈలతో బదులిచ్చును.

రేడియో గల ఇంటివారికి ఈ ఘట్టము తెల్పనక్కరలేదు. కనబడని మనిషిని గొంతుబట్టి పోల్చుట మనకు నిత్యకృత్యము. కాని ఇందొక విచిత్రము కలదు. పాటలోని మాట అంతయు విధికి వదలుమనుచున్నది. పాడుచున్న తల్లి మాత్రము రవంతయు వదలలేదు. కానున్నదానిని కాకుండ చేయుటకే ఆమె పాడుచున్నది. ఈ పాటను వట్టి వేదాంతముగా పాడినవారందరును ఈ మెలికను జారవిడిచిరని మా తలంపు.

ఆ పాత్ర ధరించిన డోరిస్ డే మొదట దీనిని పిల్లల పాటయని తేలికగా చూచెనట. 1957లో దీనికి ఆస్కారు బహుమతి వచ్చెను. ఆ జంటకు అది మూడవది. 1968 మొదలు 1973 వరకు సాగిన ఆమె టెలివిజన్ వరుసకు ఇదియే నాందీగీతమైనది. 2019లో ఆమె కన్నుమూయు వరకు ఆ పేరుతో పాటు ఈ పాటయు వినబడుచునే యుండెను.

అన్ని పాటలకు ఇట్టి భాగ్యము లేదు. అదే 1956లో రాకబిలీ బాణీలో, అనగా అమెరికా పల్లెపాటకు నల్లవారి రిథమ్ అండ్ బ్లూస్ ఊపు కలిసిన బాణీలో, కార్ల్ పెర్కిన్స్ తానే వ్రాసి పాడిన "బ్లూ స్వేడ్ షూస్" మారుమ్రోగెను. మార్చి 22న, టెలివిజనులో పాడుటకు న్యూయార్కు పోవుచుండగా, కారు ప్రమాదమున అతడు గాయపడెను. ఆ పాటనే ఎల్విస్ ప్రెస్లీ కూడ పాడెను. అమ్మకపు పట్టికలలో పెర్కిన్స్ పాటయే పైన నిలిచినది. జనుల జ్ఞాపకములో మాత్రము అది ప్రెస్లీ పాటయైనది.

మన వైపునకు వత్తము. 1952 తరువాత, కేస్కర్‌గారు మంత్రిగానున్న దినములలో, ఆకాశవాణిలో సినిమా పాట అరుదయ్యెను. శ్రోతలు ముల్లును రేడియో సిలోను మీదికి త్రిప్పిరి. 1957 అక్టోబరులో వివిధభారతి వచ్చువరకు అదే గతి. ఆ 1957లోనే "ఆరవల్లి" అను తమిళ చిత్రములో ఈ బాణీకి తమిళ పదములు కట్టి ఎ.ఎం. రాజా, జిక్కి పాడిరి. ఇరువురును చిత్తూరు జిల్లావారే. రామాపురమున పుట్టిన రాజా, చంద్రగిరిలో పుట్టిన జిక్కి, అమెరికా బాణీని తమిళమున పాడుట! మద్రాసు స్టూడియోలకు ఇది వింత గాదు. పాట హాయిగా ఒదిగినది. అయితే పదములు మారినప్పుడు తొలి కర్తల జాడ వినువానికి చిక్కదు.

భానుమతిగారి త్రోవ వేరు. ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వమున, కె.వి. మహదేవన్ సంగీతముతో 1965లో వచ్చిన "తోడు నీడ"లో వారు ఈ పాటను దాదాపు సాంతము ఇంగ్లీషు మాటలతోనే పాడిరి. ఆ భాష ఎరుగని ప్రేక్షకులే హాళ్లలో ఎక్కువగా ఉండిన కాలమది. ఒక తారకు అది సాహసమే. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారి వద్ద శాస్త్రీయ సంగీతము నేర్చి, 1939లో "వరవిక్రయము"తో తెరకెక్కి, నేపథ్యగానము రాజ్యమేలిన దినములలోను తన పాట తానే పాడుకొన్న వ్యక్తి వారు. "చండీరాణి"ని 1953లో మూడు భాషలలో తామే నడిపించిరి. అట్టివారు ఏమగునో అగుగాక యని పాడుచుండగా నవ్వు రాకమానదు. ఎరువు తెచ్చుకొన్న పాటను ఎరువేనని తెలియునట్లు, తొలి మాటలతోనే పాడుట మాకు నచ్చినది. అందులో దాపరికము లేదు.

ఈ మూడు పాటలును నేడు చేతిలోని ఫోనులోనే వినవచ్చును. వినగోరువారు ముందుగా రాజా, జిక్కి పాడినది, పిదప భానుమతిగారిది, కడపట డోరిస్ డే లండను విందులో పాడినది వరుసగా పెట్టుకొనవలెను. ఆ చివరిదానిని మాత్రము కొంచెము పెద్దగా పెట్టుడు. ఆమె పాడినది పై అంతస్తుకు వినవలెనని.