లోమశాతనము: శంఖచూర్ణశబ్దవిచారము

కొండపల్లిలో మా యింటికి రెండిండ్ల యవతల నీ నడుమ నొక పెండ్లి జరిగినది. నలుగునకు ముందునాఁడు పెండ్లికూఁతురు విజయవాడకుఁ బోయి, బ్యూటీపార్లరులో మొగముమీఁది నూఁగును, జేతులమీఁది రోమములను దీయించుకొని వచ్చెను. ఆమె మేనత్త యది చూచి, “ఇవన్నీ ఈ కాలపు వింతలు, మన పెద్దలు ఎరుగరు” అని కోపపడెను. “మేము సున్నిపిండి పెట్టి రుద్దుకోలేదా? అదీ ఇందుకే గదా!” అని యమ్మమ్మ నవ్వెను. అంతట మేనత్త నావైపు తిరిగి, “శాస్త్రిగారూ, మీరు చదివినవారు. మన గ్రంథాల్లో ఇలాంటివి ఉన్నాయా?” అని యడిగెను. కలవని యంటిని గాని, యెక్కడ నెట్లున్నవో యా పూఁట నోటికి రాలేదు. పిమ్మట నాలుగు పుస్తకములు తిరుగవేసితిని. ఆమె ప్రశ్నకు సమాధానము దొరకుటయే గాక, సుశ్రుతసంహితయందలి యొక పదమున కర్థనిర్ణయము సయితము మన తెనుఁగుమాటవలన నగుచున్నట్లు నాకుఁ దోఁచినది. ఆ సంగతిని బండితులు పరిశీలించుటకై యిచట వ్రాయుచున్నాను.

ముందుగా శబ్దములను జూతము. రోమము, లోమము, తనూరుహము అను మూఁటిని అమరసింహుఁడు పర్యాయములుగాఁ జెప్పెను. వానిలో లోమశబ్దమును ఉణాదివృత్తికారులు ఛేదనార్థకమైన లూఞ్ ధాతువునుండి సాధింతురు. కోయఁబడునది లోమమని యర్థము. పేరులోనే కోఁత యున్నది. శ్మశ్రుశబ్దమును మాత్రము అమరుఁడు పురుషుని ముఖమునకే పరిమితము చేసెను. స్త్రీముఖమున దట్టముగా మొలచు రోమమునకు ఆయన వేఱుపేరు పెట్టలేదు. పేరు లేనంతమాత్రమున బాధ లేకపోలేదు. శరీరమందలి స్రావముల వైషమ్యమువలన స్త్రీలకు గడ్డము మీసము వచ్చుట కలదని నేఁటి వైద్యులు చెప్పుదురు. అట్టివారు పైపూఁతలకంటె ముందు వైద్యునిఁ జూచుట మేలు.

ఇఁక రోమములను దీయుటను జెప్పు మాటలు నాలుగు. అవి నాలుగు వేఱువేఱు పనులను జెప్పుచున్నవి. వపనమునకు మూలమైన వప్ ధాతువునకు విత్తుట ప్రధానార్థము. ఛేదనమందును గలదని కౌముదీకారుఁడు చేర్చి, కేశములను గొఱుగుట నుదాహరించెను. విత్తుటకును గొఱుగుటకును నొకటే ధాతువగుట వింతగాఁ దోఁచును గాని, క్షురకుఁడు గొఱిగిన మొగము నాలుగవనాఁటికి విత్తిన మడివలె మొలకెత్తుట చూచినవారికి వింత గాదు. రెండవది లుంచనము, కుదుళ్ళతోఁ బెఱుకుట. జైనయతుల కేశలుంచనము అందఱు నెఱిఁగినదే. మూఁడవది శాతనము. శద్ ధాతువునకు ణిచ్చు పరమగునపుడు, గతి యర్థము గానిచో, దకారమునకుఁ దకారము వచ్చునని పాణిని యేడవ యధ్యాయమున విధించెను. గోపాలుఁడు గోవులను దోలినచో శాదయతి. ఎవఁడైనఁ బువ్వులను రాల్చినచో శాతయతి. కావున లోమశాతనమనఁగా రోమములను రాల్చుట. కోయుటయుఁ గాదు, పెఱుకుటయుఁ గాదు. నాలుగవది దాహము, అనఁగా మొలచుచోటునే కాల్చుట. ఈ నాలుగింటికిని “వెండ్రుకలు తీయుట” అని యొకే తెనుఁగుమాట వేసినచో గ్రంథకర్తలు చూపిన భేదము మాసిపోవును.

పద్ధతులను బోల్చి చూచుట వాత్స్యాయనుని సంప్రదాయముననే కలదు. ఆయన శాతకర్ణిని బేర్కొనెను గాన మన సాతవాహనుల నెఱిఁగినవాఁడు. నాగరకవృత్తప్రకరణమున నిత్యము స్నానమును, రెండవనాఁడు ఒడలు రుద్దుటను, మూఁడవనాఁడు నురుఁగుపూఁతను, నాలుగవనాఁడు ఆయుష్యమును, అయిదవనాఁడు గాని పదవనాఁడు గాని ప్రత్యాయుష్యమును జెప్పెను. ఆయుష్యమనఁగా గడ్డము గీయించుకొనుట. క్షౌరమునకు ఆయుస్సునకు హితమైనదని పేరిడుట చూడుఁడు! సుశ్రుతుఁడును గేశములను, నఖములను, రోమములను దొలఁగించుట పాపమును శమింపఁజేయుననియు, ఉల్లాసమును దేలికదనమును గలిగించుననియుఁ జెప్పియున్నాఁడు. ప్రత్యాయుష్యము గుప్తాంగముల రోమములను దీయుట. అయిదు, పది యను వికల్పమేల? కత్తితోఁ దీసినచో నయిదవనాఁడు, పెఱికినచోఁ బదవనాఁడని జయమంగళావ్యాఖ్యాత వ్యవస్థ చేసెను. పెఱికినది మరల మొలచుటకు వ్యవధి యెక్కువ. నేఁడు వేఁడిమైనము పూసి లాగువారును, దారపు మెలికతోఁ గనుబొమలు దిద్దువారును నవలంబించునది యీ రెండవ పక్షమే.

అమరావతి శిల్పములందు రాజులును నాగరకులును దఱుచుగా గడ్డములేని మొగములతోనే కనఁబడుదురు. భిక్షువుల నియమము వేఱు. తల గొఱిగించుకొనవలసినదే గాని, గుప్తప్రదేశపు రోమములను దీయించుకొనరాదనియు, రోగమున్నచో దోషము లేదనియుఁ బాలి వినయపిటకమునందలి చుల్లవగ్గము చెప్పుచున్నది. అలంకారమునకుఁ గూడదు, రోగమునకుఁ గూడును.

సుశ్రుతుఁడు లోమశాతనమును జెప్పినదియు వైద్యదృష్టితోనే. చికిత్సాస్థానము మొదటి యధ్యాయమున వ్రణమునకు అఱువది యుపక్రమములను లెక్కించుచు, రోమములను దొలఁగించుట నందొకటిగాఁ జేర్చెను. రోమములు గప్పుకొని మానని పుండునకు ముందు కత్తి, కత్తెర, పట్టకారు అను మూఁటిలో దేనితోనైన వానిని దీయవలెనని చెప్పి, పిమ్మటఁ బూఁతలను జెప్పెను. జీడిగింజల నూనెను జెముడుపాలతోఁ గలిపినది యొకటి. ఇంటిబల్లి తోఁకతోఁ జేయు యోగము మఱియొకటి. దానిని గూర్చి యింతకంటె వ్రాయుట కిష్టము లేదు. వానిలోఁ బ్రధానమైనది యిది: శంఖచూర్ణము రెండు పాళ్ళు, హరితాళము, అనఁగాఁ దాళకము, ఒక పాలు, ఈ రెంటిని శుక్తమను పులిసిన ద్రవముతో నూఱవలెను. ఇది యుత్తమమైన లోమశాతనమని యాయన మాట.

ఇక్కడఁ జిక్కు వచ్చినది. శంఖచూర్ణమనఁగా నేమి? పచ్చిశంఖమును దంచిన పిండియా, శంఖమును గాల్చి తీసిన సున్నమా? వ్యాకరణమిచట మూఁగ, రెండు పక్షములందును షష్ఠీతత్పురుషమే. కాని ఫలము వేఱు. పచ్చిశంఖపు పిండి సుద్దవంటిది. దానిని దాళకముతో నెంత నూఱి పూసినను వెండ్రుక రాలదు. సున్నమును దాళకమును దడితోఁ గలిసినచో నందలి గంధకాంశము విడివడి, వెండ్రుకను గట్టిగా నిలుపు గంధకబంధములను దెంచును. వెండ్రుక మెత్తనై తుడిచినంతనే రాలును. శాతనశబ్దమప్పుడు గదా సార్థకమగుట! చర్మకారులు తోళ్ళను సున్నపునీట దినములతరబడి నానవైచి రోమములను దీయుట సున్నమున కీ గుణముండుటవలననే.

చూర్ణమనఁగా సున్నమని చెప్పుటకు సుశ్రుతునిలోనే యాధారము గలదు. చికిత్సాస్థానము ఇరువదినాలుగవ యధ్యాయమునఁ దాంబూలమును జెప్పుచు, పోఁకతోఁ గూడఁ జూర్ణమును బేర్కొనెను. తమలపాకులో వేసికొను చూర్ణము సున్నము గాక మఱేమి? కావున నాయనకుఁ జూర్ణశబ్దము సున్నమను నర్థమునఁ బరిచితమే. దీనికిఁ దెనుఁగు సాక్ష్యము చెప్పుచున్నది. మన సున్నము చూర్ణశబ్దభవము. సంస్కృతమున సామాన్యమైన పిండిని జెప్పు మాటను దెనుఁగువారు కాల్చిన గుల్లలనుండియు రాళ్ళనుండియు వచ్చు నీ యొక్క పదార్థమునకే రూఢి చేసిరి. సముద్రతీరమున గుల్లలను గాల్చి తీసిన గుల్లసున్నము మన పెద్దలు వెల్లవేయుటకును దాంబూలమునకును వాడినదే. శంఖచూర్ణమును దెనిఁగింపుమన్నచో నేను గుల్లసున్నమనియే తెనిఁగింతును. మా యూరి బొమ్మలవారును దెల్లపొణికి కొయ్యను జెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును గలిపిన మక్కుతో నదికి, సున్నము పూసిన పిమ్మటనే రంగులు దిద్దుదురు. బొమ్మకు మీసము వచ్చుట సున్నము తరువాత. మనుష్యునకుఁ బోవుట సున్నము తరువాత.

సున్నిపిండిలోని సున్నియు నీ కుదురుదే యని నా యభిప్రాయము. అందు మాత్రము పిండియను పాతయర్థమే నిలిచినది. పైగా పిండి యని మరలఁ జేర్చి మనవారు దానిని రెండింతలు చేసిరి. కనుక సున్నము, సున్ని యను రెండు తద్భవములు చూర్ణశబ్దపు రెండర్థములను జెఱియొకటి దాఁచుకొన్నవి. తద్భవమొక్కటియే యీ వాదమును దీర్చునని నేననను. ద్రవ్యగుణమును సుశ్రుతుని తాంబూలవాక్యమును దానికిఁ దోడుగా నిలుచుటచేతనే తీరుచున్నది.

ఒక యాక్షేపణ కలదు. ఆ ప్రకరణమునందే వేఱొక యోగమున నరఁటి, దీర్ఘవృంతముల బూడిదను జెప్పుచు సుశ్రుతుఁడు భస్మమనియే వాడెను. కాల్చిన శంఖమే యిష్టమైనచో శంఖభస్మమని యేల యనలేదు? నా సమాధానమిది. కాల్చిన మాను పొయ్యిలోనే బూడిదయగును. కాల్చిన శంఖమట్లు గాదు. బట్టినుండి తీసినప్పుడు గుల్ల గుల్లగానే యుండును. నీళ్ళు చిలికినతోడనే బుసబుసలాడి, వేఁడెక్కి, తనంతఁ దానే పిండియై కూలును. రోలు రోఁకలి లేకయే చూర్ణమగు పదార్థమునకుఁ జూర్ణమను పేరు దక్కుట న్యాయమే గదా. శుక్తము పులుపు, అది సున్నమును విఱుచునే యందురేని, కొంత విఱుచును. అందులకే కాఁబోలు సున్నము రెండు పాళ్ళు. బూడిదయోగమునఁ బులుపు లేదు, చల్లనినీరే. అచటను దాళకమునకుఁ దోడు క్షారమే. రెండు యోగముల కీలకమొక్కటి.

పారసీకము గూడ నీ పక్షమునకే సాక్షి. కొండపల్లి ముస్తఫానగరమను పేర నుత్తరసర్కారులలో నొకటిగా నున్న దినములలో నది మనకు రాజభాష. ఆ భాషలో స్నానశాలలయందలి రోమహరమైన పూఁతకు నూరా యని పేరు. అరబ్బీనుండి వచ్చిన యా మాటకు మొదటి యర్థము సున్నము. సున్నమును దాళకమును గలిపిన పూఁతకుఁ దరువాత నది పేరయ్యెను. చూర్ణము సున్నమగుటయు, సున్నము పూఁతయగుటయుఁ జూడఁగా భాషలు వేఱైనను ద్రవ్యములు వేఱు గావు.

దీనిని జదివి యింట నూఱఁబోవువారుందురేమో, వలదు. తాళకమున ఆర్సెనిక్ అను విషము గంధకముతోఁ గూడియున్నది. తెగిన చర్మముపై నది మఱింత ప్రమాదము. నేఁటి పూఁతలలోఁ దాళకము పోయి థయోగ్లైకోలేట్ అను గంధకలవణము వచ్చినది. సున్నము మాత్రము వానిలోఁ బెక్కింట నింకను గలదు. చర్మమును వెండ్రుకయు నొక జాతి పదార్థముతోనే యైనవి గనుక, చెప్పిన నిమిషములకంటె నెక్కువసేపుంచినచోఁ జర్మముగూడఁ బొక్కును. తాళకమునకు మఱియొక యుపయోగము పండితు లెఱిఁగినదే: కాగితపు వ్రాఁతప్రతులలోఁ దప్పుపడిన యక్షరములపై లేఖకులు దానినే పూసి చెఱిపెడివారు.

మరల మొలవకుండఁ జేయుట యన్నిటికంటెఁ గష్టము. అష్టాంగహృదయము ఉత్తరస్థానము తొమ్మిదవ యధ్యాయమున, కంటిలోఁ గ్రుచ్చుకొను నధికమైన ఱెప్పవెండ్రుకను బట్టకారుతోఁ దీసి, అది మొలచినచోటును అగ్నివర్ణమైన సూదిమొనతోఁ గాల్చవలెనని వాగ్భటుఁడు చెప్పెను. ఇదియే దాహపక్షము. 1875లో అమెరికాయందలి సెయింట్ లూయిస్ నగరపు నేత్రవైద్యుఁడు చార్లెస్ మిషెల్ ఇట్టి ఱెప్పవెండ్రుకలకే విద్యుత్తు ప్రవహించు సూదిని గుదురులోఁ జొప్పించి యది మరల మొలవకుండఁ జేసినట్లు ప్రకటించెను. ఈయన యాయనను జదివెనని నేననను. రోగమొకటి, సూది యొకటి. సూదిలోనిది మాత్రము మాఱినది. ఒక్కొక్క వెండ్రుకకు నొక్కొక్క పోటు గావున నీ పద్ధతి మిక్కిలి నిదానము. లేజరు కిరణములకు మూలమైన సూత్రమును ఆండర్సన్, పారిష్ అను వారు 1983లోఁ బ్రకటించిరి. ఆ కిరణము నలుపును వెదకికొని పోవును గనుక నెరసిన వెండ్రుకను ముట్టదు. నల్లని చర్మమునుగూడ వెండ్రుకయే యనుకొని కాల్చు ప్రమాదము గలదు. మనవంటి చాయవారికి దీర్ఘతరంగముల లేజరును నేర్పరియైన వైద్యుఁడే వాడవలయును.

కత్తి పెట్టినచో రోమము ముదురునని మన యిండ్లలో నొక భయము గలదు. మిల్డ్రెడ్ ట్రాటర్ అను శరీరశాస్త్రజ్ఞురాలు 1928లోఁ బరీక్షించి, గొఱుగుటవలన రోమము ముదురుటయుఁ ద్వరగాఁ బెరుఁగుటయు లేదని తేల్చెను. కోసిన మొన మొద్దుగా నుండుటచేఁ జేతికి గరుకుగాఁ దగులును, అంతియే. సున్నిపిండి రాపిడివలన సన్ననినూఁగు కొంత యూడును గాని ముదురు వెండ్రుక కదలదు. పసిబిడ్డల నూఁగు పిండి రుద్దుటచేతనే పోయినదని యమ్మమ్మలనుకొందురు. రుద్దకున్నను గొన్ని నెలలలో నది దానంతట రాలును. ఈ మాట మా పొరుగింటి యమ్మమ్మతో నేననలేదు.

మేనత్తకు మాత్రము శంఖచూర్ణపు సంగతియంతయు విడమరచి చెప్పితిని. ఆమె చిలుకలు చుట్టుచు శ్రద్ధగా విని, తమలపాకుపై సున్నము రాచిన వేలు నాకుఁ జూపి, “అయితే శాస్త్రిగారూ, రోజూ తాంబూలం వేసే మా ఆయన మీసం ఇంకా ఎందుకు రాలలేదండీ?” అని యడిగెను. ఆ సున్నమునఁ దాళకము లేదనియు, ఉన్నచో మీసముకంటె ముందు మనుష్యుఁడే పోవుననియుఁ జెప్పితిని.