గొడ్డలి చరిత్ర మన చరిత్రే



అమీర్‌పేటలో కోచింగ్ కోసం ఊరు వదిలి వచ్చి, సనత్‌నగర్‌లో రూములు తీసుకుని ఉంటున్నవాళ్ళం మనలో చాలామందిమి. ఈ ఏరియాలో ఇనుము చరిత్ర అంటే ఎవరైనా ఫ్యాక్టరీల గురించే చెప్తారు. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ ఇక్కడే ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు తయారుచేసింది. కానీ మన తెలంగాణలో ఇనుము కథ మెషిన్లతో మొదలు కాలేదు. కొలిమితో మొదలైంది.

నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కమ్మరులు ఇనుప ముక్కల్ని మట్టి మూసల్లో పెట్టి, మూత వేసి, గంటల తరబడి బొగ్గు మంటలో కరిగించి ఉక్కు తీసేవాళ్ళు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవాళ్ళు. డమాస్కస్ కత్తులుగా ప్రపంచమంతా పేరుపడ్డవి ఇలాంటి దక్కన్ ఉక్కుతో చేసినవే. ఇంగ్లీషువాళ్ళు 'ఊట్జ్' అని రాసుకున్న పేరు మన దక్షిణాది 'ఉక్కు' అనే మాట నుంచే వచ్చిందంటారు. 1795లో లండన్ రాయల్ సొసైటీలో దీనిమీద పేపర్ చదివారు. తర్వాత ఫారడే కూడా దీని గుట్టు తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు.

మరి అంత గొప్ప పని ఎందుకు ఆగిపోయింది? కమ్మరికి పనితనం తగ్గి కాదు. ఇనుము కరగాలంటే బొగ్గు కావాలి, బొగ్గు కావాలంటే అడవి కావాలి. 19వ శతాబ్దంలో అడవులు రిజర్వులైపోయాయి. ఇంకోపక్క విదేశీ చౌక ఇనుము వచ్చి పడింది. రాయి కరిగించే కొలుములు ఆరిపోయాయి. ఊరి కమ్మరి మాత్రం పాత ఇనుముతో బతికాడు. ఇప్పటికీ లారీ కమాన్ పట్టీ దొరికితే కాల్చి, దాగలి మీద పెట్టి, సమ్మెటతో సాగగొట్టి, కామ దూర్చే బెజ్జం తీసి, అంచును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి గట్టిపరుస్తాడు. ఎంత ఎరుపుకు ముంచాలో కంటితోనే చూసి చెప్తాడు. తొందరపడినా, ఆలస్యం చేసినా అంచు విరుగుతుంది, లేదా మడత పడుతుంది.

బొగ్గును ఆపిన గీతే గొడ్డలినీ ఆపింది. పోడు కొట్టడం నేరమైంది. మన్యంలో 1922 తిరుగుబాటు వెనకా, 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణమిచ్చిన పోరాటం వెనకా ఈ అడవి ఆంక్షలే ఉన్నాయి. మనకు గొడ్డలి పనిముట్టు. సర్కారుకు అది సాక్ష్యం.

ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్ ఎస్టీ జాబితాలో 'కమ్మర' అనే తెగ ఉంది. అంటే ఇనుప పని మనకు బయటినుంచి వచ్చిందనుకోవడం తప్పు. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే మనం పట్టాల గురించే మాట్లాడుకుంటాం. జీవవైవిధ్యానికీ సంస్కృతికీ సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద కూడా ఆ చట్టం మనకు సామూహిక హక్కు ఇచ్చింది. ఆ జ్ఞానాన్ని మనమే రాసిపెట్టుకోకపోతే రేపు హక్కు దేనిమీద అడుగుతాం?

అందుకే ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు కొలిమి దగ్గర ఒక పూట కూర్చుందాం. తిత్తికి, సమ్మెటకు, పట్టుకారుకు గోండిలో, కోయలో, లంబాడీలో ఏమంటారో పెద్దల్ని అడిగి రాసుకుందాం. పని జరుగుతుంటే ఫోన్‌లో రికార్డు చేద్దాం. తెచ్చినవన్నీ ఇక్కడే పంచుకుందాం.

జై ఆదివాసీ.