రేవు నగరం, విదేశాంగ చర్చ, హైస్కూలు పిల్లలు

విదేశాంగ విధానం ఢిల్లీ పెద్దల వ్యవహారమని, హైస్కూలు పిల్లలకు అది పట్టదని అనుకోవడం మామూలే. విశాఖపట్నం చరిత్ర చూస్తే ఈ మాట నిలవదు. 1933లో మొదలైన రేవుపై తొమ్మిదేళ్లకే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు బాంబులు వేశాయి. ఉక్కు కర్మాగారం కథ ఇంకా చిక్కనిది. అందుకు విశాఖ తగిన చోటని 1965లో సిఫార్సు చేసింది బ్రిటిష్, అమెరికన్ సంస్థల బృందం. కేంద్రం నాన్చుతుంటే 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ విద్యార్థులు రోడ్డెక్కారు. నవంబరు 1న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. చివరికి సాంకేతిక సాయానికి 1979లో ఒప్పందం కుదిరింది సోవియట్ యూనియన్‌తో. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేసే నాటికి ఆ దేశమే లేదు. అలీన విధానం లాభనష్టాలు రెండూ ఈ ఒక్క కర్మాగారం చరిత్రలోనే దొరుకుతాయి.

ఇంత సరుకు ఊళ్లోనే ఉన్నా బడి దాన్ని వాడుకున్నది తక్కువ. మన వక్తృత్వ పోటీలో బట్టీపట్టిన ఉపన్యాసానికే బహుమతి. ఎదుటివాడి ప్రశ్నకు జవాబు చెప్పే పని అందులో లేదు. 1966-67లో ఢిల్లీ బడుల్లో మొదలై తర్వాత కేంద్రీయ విద్యాలయాలకూ నవోదయాలకూ పాకిన యువ పార్లమెంటు పోటీలు సభా మర్యాదను నేర్పాయి, మంచిదే. తర్వాత నమూనా ఐక్యరాజ్యసమితి సమావేశాలు వచ్చాయి. హార్వర్డ్ విద్యార్థులు 2011లో హైదరాబాదులోనూ పెట్టారు. పరాయి దేశం పక్షాన నిలబడి వాదించడం గొప్ప సాధనే. కానీ అది ఫీజు కట్టగల ఇంగ్లీషు బడుల వేడుకగా మిగిలింది (కోటూ టై లేనిదే దౌత్యం సాగదని ఎవరు చెప్పారో!). బ్రెజిల్ తరఫున మాట్లాడిన పిల్లకు తన ఊరి రేవు గురించి మాట్లాడే అవకాశం రాలేదు. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని చూసొచ్చిన పిల్లలను, 1960లలో దానికోసం మాస్కోను ఎందుకు ఆశ్రయించామని అడిగేవారూ అరుదే.

విదేశాంగ విధానంపై ఇలాంటి చర్చ పెడితే బడిలోకి పార్టీలు దూరుతాయన్నది ప్రధాన అభ్యంతరం. భయం నిజమైనదే. అమెరికాతో కలిసి జరిపే మలబార్ నౌకా విన్యాసాలను నిరసిస్తూ 2007 సెప్టెంబరులో వామపక్షాల జాతాలు కోల్‌కతా, చెన్నైల నుంచి బయల్దేరి విశాఖలోనే కలిశాయి. 2020 నవంబరులో అవే విన్యాసాలు విశాఖ తీరంలో మొదలయ్యాయి. ఈ వివాదాన్ని తరగతిలో చర్చకు పెడితే ఇంట్లో విన్న మాటే పిల్లాడు వల్లిస్తాడు. అందుకే పక్షాన్ని చీటీ తీసి నిర్ణయించాలి, సగంలో పక్షాలు మార్చాలి. అప్పుడు ఇంటి మాట ఒక్కటే సరిపోదు. పిల్లలకు అంత జ్ఞానం లేదంటారు మరికొందరు. రాష్ట్ర పదో తరగతి సాంఘిక శాస్త్రంలో యుద్ధానంతర ప్రపంచంపై పాఠం పెట్టి, పరీక్ష రాయించినవాళ్లు ఈ మాట అనడం వింత. తెలుగులో కుదరదన్న వాదన అన్నిటికన్నా బలహీనం. ఆంక్షలు, సుంకాలు, ద్వైపాక్షిక చర్చలు అనే మాటలు పత్రికల్లో రోజూ చదువుతున్నవే.

2025 ఆగస్టులో, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో, అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. ఆంధ్ర రొయ్యలకు పెద్ద దెబ్బ అది. రొయ్యలు ఎగుమతయ్యే ఈ రేవు నగరంలోనే హెచ్‌పీసీఎల్ చమురు శుద్ధి కర్మాగారమూ ఉంది. చవక చమురు వదులుకోవాలా, రొయ్యల రైతు నష్టపోవాలా, ఇంకో సంత వెతకాలా అన్నది తొమ్మిదో తరగతిలో తెలుగులోనే రెండు పీరియడ్లు వాదించదగ్గ ప్రశ్న.