గంధకం తక్కువైతే చాలదు: గోదావరి లోయ బొగ్గు, సల్ఫైడ్ ఖనిజాలు, లేశ మూలకాలు

సంగ్రహం

బొగ్గులో ఆర్సెనిక్, పాదరసం, సెలీనియం ఎంతెంత ఉన్నాయో తెలిసినంత మాత్రాన వాటి ప్రభావం తేలదు. అవి ఏ ఖనిజంలో, ఏ రూపంలో ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. గోదావరి లోయ బొగ్గును అంచనా వేయడానికి మొత్తం గంధకం శాతం ఒక్కటే కొలమానం కాదనీ, సీమ్ (బొగ్గు పొర) వారీగా మూలకాల ఉనికిని నమోదు చేయాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఉపోద్ఘాతం

ఇల్లెందు దగ్గర 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ బొగ్గు జాడ కనుగొన్నారు. నేడు కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా తవ్వుతున్నది ప్రధానంగా పెర్మియన్ కాలపు బరాకర్ పొరల బొగ్గే. దేశంలో బొగ్గు గ్రేడు కట్టేది కెలోరిఫిక్ విలువను బట్టి. జీ1 నుంచి జీ17 వరకున్న ఆ మెట్లలో ఆర్సెనిక్‌కు గానీ పాదరసానికి గానీ చోటు లేదు. గోండ్వానా బొగ్గులో గంధకం సాధారణంగా 1 శాతం లోపే ఉంటుంది కనుక దిగులు లేదన్న భావన బలంగా ఉంది. దాన్ని నిశితంగా పరీక్షించాలి.

సల్ఫైడ్‌లు ఏర్పడే తీరు

బొగ్గులో ప్రధాన సల్ఫైడ్ పైరైట్. అందులో బరువు ప్రకారం ఇనుము 46.6 శాతం, గంధకం 53.4 శాతం. గాలి సోకని పీట్ బురదలో కొన్ని బ్యాక్టీరియాలు సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తాయి. అది ఇనుముతో కలిస్తే పైరైట్ అవుతుంది. సముద్రపు నీటిలో సల్ఫేట్ లీటరుకు సుమారు 2,700 మిల్లీగ్రాములు ఉంటే, నదీజలాల్లో చాలా తక్కువ. బరాకర్ బొగ్గు నదీ మైదానాల్లో పుట్టింది కనుక దానిలో గంధకం తక్కువ. మేఘాలయ టెర్షియరీ బొగ్గుపై సముద్ర ప్రభావం ఉంది కనుక అక్కడ గంధకం ఎక్కువ.

నునుపు చేసిన బొగ్గు ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే పైరైట్ రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి, పీట్ దశలోనే పుట్టిన, కొన్ని మైక్రాన్ల గుండ్రటి గుత్తి. సీతాఫలం తొక్కలా దాని ఒళ్లంతా చిన్న చిన్న స్ఫటికాలు. రెండోది, బొగ్గు గట్టిపడ్డాక సన్నటి పగుళ్లలోకి ఊరిన ద్రవాల నుంచి పేరుకున్న పలక. ఆర్సెనిక్, పాదరసం, సెలీనియం, నికెల్, కోబాల్ట్, థాలియం తరచూ పైరైట్‌లో చేరతాయి. జింకు, కాడ్మియం స్ఫాలరైట్‌లో, సీసం గలీనాలో కనిపిస్తాయి.

ఉనికి మారితే ఫలితం మారుతుంది

ఆర్సెనిక్ పరిమాణం సమానంగా ఉన్న రెండు బొగ్గులను తీసుకుందాం. పగుళ్లలోని పైరైట్ సాంద్రత సుమారు 5. బొగ్గుది దాదాపు 1.3 నుంచి 1.5. కనుక నలగ్గొట్టి వాషరీలో కడిగితే ఆ పైరైట్‌తో పాటు ఆర్సెనిక్ కూడా చాలావరకు విడిపోతుంది. మైక్రాన్ల గుత్తులు బొగ్గు పదార్థంలోనే ఇరుక్కుని ఉంటే మాత్రం, మెత్తగా పొడి చేయనిదే అవి విడిపోవు. రెంటికీ ల్యాబ్ రిపోర్టులో అంకె ఒకటే, ఫలితాలు వేరు.

పైరైట్‌లోనే ఆర్సెనిక్ ఉంటుందన్న సూత్రం కూడా అన్ని చోట్లా చెల్లదు. చైనాలోని గ్విజౌ రాష్ట్రంలో కొన్ని బొగ్గుల్లో ఆర్సెనిక్ 35,000 పీపీఎం దాకా ఉంది. అందులో ఎక్కువ భాగం పైరైట్‌లో కాక సేంద్రియ పదార్థంతో బంధమై ఉన్నట్టు తేలింది. ఇంట్లో పొగ గొట్టం లేని పొయ్యిల్లో ఆ బొగ్గు కాల్చి మిరపకాయలు ఆరబెట్టుకున్న కుటుంబాల్లో కనీసం 3,000 మంది ఆర్సెనిక్ విషానికి గురయ్యారు. గంధకాన్ని చూసి ఆర్సెనిక్‌ను ఊహించడం ఎంత ప్రమాదమో ఈ ఉదంతం చెబుతుంది.

బాయిలర్‌లో పాదరసం దాదాపు పూర్తిగా ఆవిరవుతుంది. ఆర్సెనిక్, సెలీనియం కూడా చాలావరకు ఆవిరై, పొగ చల్లారేకొద్దీ అతి సన్నని బూడిద రేణువులపై పేరుకుంటాయి. బూడిదలోనే మిగిలే మూలకాల లెక్క వేరు. 40 శాతం బూడిద ఉన్న బొగ్గులో అలాంటి మూలకం 2 పీపీఎం ఉంటే, బూడిదలో అది 5 పీపీఎం అవుతుంది. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ కేంద్రాల పొగలో పాదరసానికి ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. పొగ గొట్టం దగ్గర కొలిచేది చివరి అంకె. దాని మూలం సీమ్‌లో ఉంది.

గనిలోనూ ఇదే వరుస. పైరైట్‌కు గాలి, నీరు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. అందులోని లోహాలూ నీటిలోకి దిగుతాయి. మేఘాలయలోని జయంతియా కొండల వాగులు ఇందుకు సాక్ష్యం. గోదావరి లోయలో సగటు గంధకం తక్కువే అయినా, సీమ్‌ల నడుమ ఉన్న, పైరైట్ ఉండే అవకాశమున్న నల్ల షేల్ ఓబీ (తవ్వి పారబోసే మట్టీ రాళ్లూ) గుట్టలకు చేరుతుంది. సగటు అంకె ఆ షేల్‌ను లెక్కలోకి తీసుకోదు.

ముగింపు

ప్రతి సీమ్‌కూ పైరైట్, సేంద్రియ, సల్ఫేట్ గంధకాలను విడివిడిగా కొలవాలి. తేలుడు-మునుగుడు పరీక్షలో వచ్చే ఒక్కో సాంద్రతా భాగంలో ఆర్సెనిక్, పాదరసం, సెలీనియం ఎంతున్నాయో చూడాలి. ఓబీ షేల్‌నూ, బూడిద చెరువు నుంచి ఊరే నీటినీ అదే జాబితాలో చేర్చాలి. ఈ పరీక్షలేవీ కొత్తవి కావు, అసాధ్యమూ కావు. బొగ్గు ఎక్కడికి పోయినా గని గుట్టలు గని పక్క ఊళ్లలో, బూడిద చెరువులు థర్మల్ కేంద్రాల పక్క ఊళ్లలో మిగులుతాయి. అందుకే ఆ వివరాలు గ్రామ పంచాయతీలకు అందుబాటులో ఉండాలి. ఏ సీమ్ బొగ్గును కడగాలో, ఏ ఓబీని నీరు తగలకుండా లోపల పూడ్చాలో తవ్వకానికి ముందే తేల్చగలిగేది ఆ నమోదే.