పశువుల టీకాలు: రకాలు, పనిచేయు విధానం

రుద్రవరం: నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డ నియోజకవర్గంలోని రుద్రవరం మండలం నల్లమల అడవుల అంచున గలదు. ఇటువంటి ప్రాంతాల్లో అనేక గ్రామాల పశువులు, జీవాలు ఒకే మేత భూమిలో మేసి, ఒకే కుంటలో నీరు త్రాగడం సహజం. ఒక మందలో తలెత్తిన అంటువ్యాధి ఇతర మందలకు సోకడానికి ఎక్కువ కాలం పట్టదు. అందువలన ముందస్తు టీకాలే రైతుకు చౌకైన రక్షణ. అయితే టీకాలన్నీ ఒకే విధంగా పనిచేయవు. ఈ తేడా తెలియకపోవడం వలననే టీకా వేయించినా జబ్బు వచ్చిందన్న ఫిర్యాదులు అపోహలకు దారితీస్తున్నాయి.

నిరోధక శక్తి ఏర్పడు తీరు

టీకా రోగాన్ని నయం చేసే మందు కాదు. రోగకారక సూక్ష్మజీవిని పశువు శరీరానికి ముందుగా, హాని లేని రూపంలో పరిచయం చేసే సాధనం. ఆ పరిచయంతో రక్తంలోని కణాలు ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటాయి. కొన్ని కణాలు ఆ సూక్ష్మజీవిని గుర్తుంచుకుంటాయి. తర్వాత అసలు రోగక్రిమి ప్రవేశిస్తే శరీరం వెంటనే ఎదుర్కొంటుంది. ఈ శక్తి ఏర్పడడానికి సాధారణంగా రెండు, మూడు వారాలు పడుతుంది. ఈ లోపల వ్యాధి సోకితే టీకా ఆదుకోలేదు.

జీవ టీకాలు

ప్రయోగశాలలో బలహీనపరచిన సజీవ సూక్ష్మజీవులతో వీటిని తయారుచేస్తారు. ఇవి శరీరంలో కొంతమేరకు వృద్ధిచెందుతాయి గనుక ఒకే మోతాదుతో దీర్ఘకాలిక రక్షణ లభిస్తుంది. గొర్రెలు, మేకలలో వచ్చే పి.పి.ఆర్. అనబడే పారుడు రోగానికి, జీవాల బొబ్బ రోగానికి, కోళ్ళలో కొక్కెర తెగులుకు వాడే టీకాలు ఈ కోవలోనివి. కోడిపిల్లల కంటిలో, ముక్కులో చుక్కలుగా వేసే టీకా శ్వాసమార్గంలోనే రక్షణను నెలకొల్పుతుంది.

దొమ్మ రోగానికి వాడే టీకాలో బలహీనమైన బాక్టీరియా బీజాలు సజీవంగా ఉంటాయి. ఆ సమయంలో పశువుకు యాంటీబయాటిక్ ఇస్తే టీకాలోని బాక్టీరియా నశించి ఫలితం దక్కదు. బ్రూసెల్లోసిస్ అనబడే ఈసుడు రోగానికి ఎస్-19 టీకాను 4 నుండి 8 నెలల పెయ్యదూడలకు మాత్రమే జీవితకాలంలో ఒకసారి వేస్తారు. చూడి పశువుకు వేస్తే ఈసుకుపోయే ప్రమాదం గలదు. ఈ టీకా పొరపాటున సిబ్బందికి గుచ్చుకున్నచో వారికీ వ్యాధి సోకవచ్చు గనుక చేతి తొడుగులు, కంటి రక్షణ తప్పనిసరి.

నిర్జీవ టీకాలు

రసాయనాలతో చంపిన సూక్ష్మజీవులతో ఇవి తయారవుతాయి. శరీరంలో వృద్ధిచెందవు గనుక వీటి వలన ఆ వ్యాధి రాదు. అయితే రక్షణ కాలం తక్కువ. ప్రభావం పెంచడానికి నూనె లేదా పటిక వంటి సహాయక పదార్థాలను కలుపుతారు. సూది వేసినచోట కొద్దిపాటి వాపు, ఒకటి రెండు రోజులు జ్వరం, పాలు స్వల్పంగా తగ్గడం కనిపించవచ్చు. ఇవి తాత్కాలికమే.

గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఈ రకానికి చెందినవి. దేశంలో గాలికుంటు టీకాలో ఓ, ఎ, ఆసియా-1 అనే మూడు రకాల వైరస్‌లు ఉంటాయి. ఒక రకం నుండి ఏర్పడిన శక్తి మరొక రకాన్ని అడ్డుకోలేకపోవడమే ఇందుకు కారణం. దూడకు నాలుగో నెలలో మొదటి మోతాదు, నెల తర్వాత బూస్టర్, ఆ పైన ఆరు నెలలకొకసారి టీకా అవసరం. అంతకు ముందే వేస్తే జున్నుపాల ద్వారా తల్లి నుండి సంక్రమించిన ప్రతిరక్షకాలు టీకాను నిర్వీర్యం చేస్తాయి. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు, బ్రూసెల్లోసిస్ టీకాలు చేపట్టబడినవి.

టాక్సాయిడ్లు

కొన్ని వ్యాధుల్లో ప్రాణం తీసేది బాక్టీరియా కాదు, అది విడుదల చేసే విషం. తొలకరి తర్వాత లేతగడ్డి అతిగా మేసిన గొర్రెలు చిటుకు రోగంతో హఠాత్తుగా మరణించడం ఇటువంటిదే. ఆ విషాన్ని హానిరహితంగా మార్చి టీకాగా ఇస్తారు. శరీరం విషాన్నే ఎదుర్కొనడం నేర్చుకుంటుంది. మొదటిసారి వేసినప్పుడు రెండు, మూడు వారాలకు బూస్టర్ తప్పనిసరి. వర్షాలకు ముందే ఇది పూర్తికావాలి.

దగ్గరి బంధువుతో రక్షణ

2019లో ఒడిశాలో తొలిసారిగా గుర్తించబడి, 2022లో పలు రాష్ట్రాల్లో తీవ్రంగా ప్రబలిన ముద్దచర్మ వ్యాధికి పశువులలో మేకల బొబ్బ రోగపు టీకానే వాడడం జరిగింది. రెండు వైరస్‌లు ఒకే కుటుంబానికి చెందినవి కావడమే దీనికి ఆధారం.

ఫిర్యాదు అందినప్పుడు

టీకా విఫలమైందని నిర్ధారించే ముందు కొన్ని అంశాలు పరిశీలించవలసి ఉన్నది. టీకా ఏ తేదీన వేశారు? బూస్టర్ అందినదా? అప్పటికే పశువుకు వ్యాధి సోకి ఉన్నదా? మందు 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ ఉన్నదా? జీవ టీకాకు వేడి శత్రువు. నూనె కలిపిన నిర్జీవ టీకా గడ్డకట్టినా చెడిపోతుంది. పొడి రూపంలోని పి.పి.ఆర్. టీకాను చల్లని ద్రావకంలో కలిపిన కొద్ది సమయంలోనే వాడాలి. వలస మందలు టీకా తేదీన ఊరిలో ఉన్నవా అన్నదీ ముఖ్యమే. ఒక్క మంద తప్పిపోయినా వ్యాధికి దారి మిగిలే ఉంటుంది.

ఈ క్రమశిక్షణకు ఫలితం మన కళ్ళముందే గలదు. శతాబ్దాలపాటు పశుసంపదను తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ వ్యాధి భారతదేశంలో చివరిసారిగా 1995లో కనిపించింది. 2011లో ప్రపంచం నుండే నిర్మూలించబడినట్లు ప్రకటించడమైనది. ఒకే రకం వైరస్, ఒకే మోతాదుతో దీర్ఘకాల రక్షణ ఇచ్చే జీవ టీకా అందుకు తోడ్పడ్డాయి. పి.పి.ఆర్. వైరస్ దానికి దగ్గరి బంధువు. ఇదే అనుకూలతతో 2030 నాటికి దీనిని ప్రపంచవ్యాప్తంగా నిర్మూలించాలన్నది అంతర్జాతీయ సంస్థల లక్ష్యం. ఆ లక్ష్యం నెరవేరాలంటే నల్లమల అంచున మేసే చివరి గొర్రెకు సైతం టీకా అందాలి.

పశువులలో వ్యాధి లక్షణాలు కనిపించిన వెంటనే రైతులు సమీప పశువైద్యశాలకు గానీ, 1962 నెంబరుకు గానీ తెలియజేయవలెను.